ఆల్చిప్ప గీసుకున్న వేలు: సొంత వైద్యంతో ఆలస్యం చేయొద్దు

ప్రశ్న: మాది తిరుపతి. వయసు 51. షుగర్ ఉంది, లివర్ కూడా దెబ్బతిందని రెండేళ్ల క్రితం చెప్పారు. మా బావమరిది సూళ్లూరుపేట నుంచి పులికాట్ ఆల్చిప్పలు తెస్తుంటాడు. నిమ్మరసం పిండి పచ్చిగా తింటే బలమని వీడియోల్లో చూశాం. రాత్రంతా ఉప్పు, పసుపు నీళ్లలో నానబెడితే బ్యాక్టీరియా పోతుందా? నిన్న కడుగుతుంటే చిప్ప గీసుకుని వేలు వాచింది. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ తెచ్చుకుని వేసుకుంటున్నాను.

సలహా: నానబెట్టే సంగతి తర్వాత. ముందు ఆ వేలు చూపించుకోండి. చివర్లో ఒక్క ముక్కలో రాసేశారు గానీ, నన్ను కంగారు పెట్టింది అదే. వెచ్చని ఉప్పునీటిలో విబ్రియో వల్నిఫికస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. పచ్చి ఆల్చిప్ప తిన్నా, చిప్ప గీసుకున్నా ఒంట్లోకి చేరుతుంది. లివర్ జబ్బు, షుగర్ ఉన్నవారికి ముప్పు ఎక్కువ. ఇది సోకినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరు చనిపోతున్నారు, కొందరైతే ఒకటి రెండు రోజుల్లోనే. మీకు అదే సోకిందని అనడం లేదు. చూడకుండా ఎవరూ చెప్పలేరు.

ఇది చదివేసరికి వాపు పూర్తిగా తగ్గి ఉంటే సంతోషం. లేదంటే బాల్ పెన్‌తో ఎరుపు అంచు వెంట గీత గీసి, పక్కన టైమ్ రాసుకుని ఈరోజే డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఎరుపు ఆ గీత దాటినా, చలిజ్వరం వచ్చినా, గాయం చిన్నదే అయినా నొప్పి భరించలేకపోయినా, నల్లటి బొబ్బలు లేచినా అర్ధరాత్రయినా సరే రుయాకో స్విమ్స్‌కో ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఆల్చిప్ప గీసుకుందనీ, లివర్ జబ్బు ఉందనీ అడక్కముందే మీరే చెప్పండి.

ఏ మాత్ర వేసుకుంటున్నారో కూడా రాయలేదు. ఇలా తెచ్చుకున్న రెండు మాత్రలు జ్వరాన్ని కాస్త అణచి, ఆస్పత్రికి రావాల్సిన మనిషిని ఇంట్లోనే కూర్చోబెడతాయి. తీరా వచ్చాక కల్చర్ టెస్టులో (క్రిమిని ల్యాబ్‌లో పెంచి గుర్తించే పరీక్ష) అది దొరక్కపోవచ్చు. చదువుకున్నవారు కూడా ఇలా చేస్తుంటే బాధగా ఉంటుంది.

ఇక మీరు అడిగింది. నానబెడితే పోదు. ఆల్చిప్ప నీటిని వడపోసుకుంటూ బతుకుతుంది, ఆ నీటిలోని క్రిములు దాని ఒంట్లో చేరతాయి. పెంపక కేంద్రాల్లో అల్ట్రావయొలెట్ కాంతితో శుద్ధిచేసిన సముద్రపు నీటిని సుమారు రెండు రోజులు పారిస్తూ వాటిని ఉంచుతారు. మురుగు నుంచి వచ్చే ఈ-కోలై లాంటివి అలా చాలావరకు పోతాయి. విబ్రియో, వాంతులు విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మాత్రం అంత తేలిగ్గా వదలవు. ఇంట్లో బకెట్‌లో వేస్తే చిప్ప గట్టిగా మూసుకుంటుంది, ఇంక వడపోత ఎక్కడ? పైగా మన వేడికి రాత్రంతా బయట ఉంచితే విబ్రియో పెరుగుతుంది. నిమ్మరసం, కారం దాన్ని చంపవు.

తెచ్చినప్పటి నుంచి ఐస్‌లో ఉంచండి. వండేముందే నోరు తెరుచుకున్నవి, తట్టినా మూసుకోనివి పారేయండి. మరిగే నీటిలో చిప్పలు తెరుచుకున్నాక ఇంకో 5 నిమిషాలు ఉడకనివ్వండి. తెరుచుకోనివి తినొద్దు. కడిగేటప్పుడు మందపాటి గ్లవ్స్ వేసుకోవాలి, ఆ పని మీరు కాకుండా ఇంకెవరైనా చేస్తే మరీ మంచిది. పచ్చివి మాత్రం మీరు అస్సలు ముట్టొద్దు.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు వేసుకున్న మాత్రల స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి.