పాఠకుల ప్రశ్నలు: ఒక్క వెల్ తేడాతో సినర్జీ అంటారా?

ప్రశ్న: సీతమ్మధారలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. క్యాండిడా ఆరిస్ అనే ఫంగస్ మీద ఫ్లుకొనజోల్, మైకాఫంజిన్ మందులు కలిపి చెకర్‌బోర్డ్ (రెండు మందుల మోతాదులూ అడ్డంగా, నిలువుగా మారుస్తూ ప్లేట్‌లోని చిన్న గుంటల్లో, అంటే వెల్స్‌లో, చూసే పరీక్ష) వేశాను. విడిగా ఎంఐసీలు (ఫంగస్ పెరుగుదలని ఆపే కనీస మోతాదు, మిల్లీలీటరుకి మైక్రోగ్రాముల్లో) 64, 1. కలిపితే 16, 0.25. ఇండెక్స్ (ఒక్కో మందుకి కలిపినప్పటి ఎంఐసీని విడి ఎంఐసీతో భాగించి, రెండూ కూడితే వచ్చేది) 0.5 వచ్చింది, సినర్జీ (రెండూ కలిసి ఇంకా బాగా పనిచేయడం) అనుకున్నాం. మర్నాడు అదే స్ట్రెయిన్‌కి 0.75. ఏది రాయమంటారు?

జవాబు: ఇప్పుడే ఏదీ రాయకండి. మొదటి రోజు 16/64 పావు, 0.25/1 ఇంకో పావు. రెండో రోజు ఫ్లుకొనజోల్ 16 బదులు 32 దగ్గర ఆగి ఉంటుంది. అర, పావు కలిస్తే 0.75. అంటే జరిగింది ఒక్క వెల్. వెల్ వెల్‌కీ మందు రెట్టింపయ్యే డైల్యూషన్లలో ఒక వెల్ అటూఇటూ కావడం మామూలే. 0.5 దాటనప్పుడే సినర్జీ, 4 దాటితే యాంటగనిజం (ఒకదాన్నొకటి అడ్డుకోవడం), మధ్యలో ఏది వచ్చినా తేడా లేనట్టే. వేర్వేరు రోజుల్లో, ప్రతిసారీ కొత్త ఇనాక్యులంతో (వెల్‌లో పోసే ఫంగస్ ద్రావణం) మూడుసార్లు చేసి చూడండి.

మందు ఒక్కదాని ఎంఐసీని పాత రిపోర్ట్‌లోంచి తెచ్చి భాగించకండి, అదే ప్లేట్‌లో ఒక్కో మందే ఉండే అంచు వరసల్లోంచి తీసుకోండి. వెల్‌లో 50 మైక్రోలీటర్లు ఒక మందు, 50 రెండోది, 100 ఇనాక్యులం పడతాయి. కాబట్టి రెండు మందులూ కావాల్సిన దానికి నాలుగింతలు గాఢంగా ఉండాలి. ఒకే మందుండే మామూలు ప్లేట్‌కి చేసుకున్న రెండింతల ద్రావణమే పోస్తే వెల్‌లో రాసుకున్నదాంట్లో సగమే ఉంటుంది. ఈ పొరపాటు చాలాచోట్ల జరుగుతుంది.

ఇనాక్యులం 0.5 మెక్‌ఫార్లండ్‌కి (మబ్బుదనాన్ని కొలిచే ప్రమాణం) తెచ్చి, ఆర్‌పీఎంఐ అనే పోషక ద్రవంలో ముందు 50 రెట్లు, తర్వాత 20 రెట్లు పలచన చేయండి. 35 డిగ్రీల్లో 24 గంటలయ్యాక, మందు లేని వెల్‌తో పోల్చి పెరుగుదల సగానికి తగ్గిన చోట చదవండి. పూర్తిగా తేటపడే దాకా చూస్తే ఫ్లుకొనజోల్ లాంటి అజోల్స్‌కి ట్రెయిలింగ్‌నే (మందు పెంచినా కొద్దిగా మిగిలే పెరుగుదల) రెసిస్టెన్స్ అనుకుంటారు. యాంఫోటెరిసిన్ అనే మందుకి మాత్రం పూర్తిగా తేటపడాలి.

మన విశాఖలో ఇంకో చిక్కుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన మందు పొడి సీసా మూత వెంటనే తీస్తే సముద్రపు గాలిలోని తేమ చల్లటి పొడి మీద చేరుతుంది. తూకంలో కొంత నీళ్ల బరువే; మందు తక్కువపడి ఎంఐసీ ఎక్కువ చూపిస్తుంది. సీసా గది వేడికి వచ్చాకే తెరవండి. బయట ఎంత ఉక్కపోసినా ఇంక్యుబేటర్ లోపల మాత్రం అంచు వెల్స్ ఆరిపోతాయి, ప్లేట్‌ని తడి దూదితో డబ్బాలో పెట్టండి. పరీక్ష సరిగ్గా జరిగిందో లేదో చూడటానికి వాడే క్యాండిడా క్రుసై ఏటీసీసీ 6258 స్ట్రెయిన్‌కి ఫ్లుకొనజోల్ ఎంఐసీ 24 గంటలకి 8 నుంచి 64 లోపు రాకపోతే ఆ రోజు ప్లేట్లన్నీ పారేయాల్సిందే.

ప్రశ్న: మా నాన్నగారి రక్తం కల్చర్‌లో క్యాండిడా ఆరిస్ అనీ, యాంఫోటెరిసిన్ బి రెసిస్టెంట్ అనీ వైటెక్ మిషన్ రిపోర్ట్ ఇచ్చింది. ఆ మందు ఇక పనికిరాదా? (గాజువాక)

జవాబు: ఈ ఫంగస్‌కి వైటెక్ 2 యాంఫోటెరిసిన్ ఎంఐసీని ఉన్నదానికంటే ఎక్కువ చూపించడం తెలిసిన సంగతే. బ్రాత్ మైక్రోడైల్యూషన్‌తో (వెల్స్‌లో మందు పలచన చేస్తూ చూసే పద్ధతి) గానీ ఈ-టెస్ట్‌తో (మందు పట్టీతో చూసే పద్ధతి) గానీ మళ్లీ చూడమని డాక్టరుగారిని అడగండి. ఎంఐసీ 2 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే రెసిస్టెంట్‌గా తీసుకుంటారు, ఈ-టెస్ట్‌లో 1.5 వచ్చినా దాన్ని 2గానే లెక్కేస్తారు. ఎలాగూ పెద్దవాళ్లకి మొదట ఇచ్చేది మైకాఫంజిన్, కాస్పోఫంజిన్ లాంటి ఎకైనోక్యాండిన్ మందే. రిపోర్ట్‌లో ఆ వరస కూడా ఉందేమో చూడండి.