పదేపదే అంబులెన్సుకు ఫోను చేసేవారి బాధ్యత మీకు అప్పగిస్తే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ అంబులెన్సు సేవకు నెలలో పలుమార్లు ఫోను చేసేవారు ఇరవైమంది దాకా ఉన్నారు. వారి బాగోగులు చూసే పని మీకు అప్పగించి, ఆరు నెలల్లో వారి కాల్స్ సగానికి తగ్గించి చూపమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, అసలు ఇది సాధ్యమా అని అడిగారు. నేను తొమ్మిదేళ్లు అంబులెన్సులో అత్యవసర చికిత్స చేసే పారామెడిక్‌గా తిరిగి, ఆ తరువాత నాలుగేళ్లు అచ్చంగా ఇదే పని చేశాను.

సగానికి తగ్గించగలనా అని మీరు భయపడుతున్నారు. నా భయం వేరు. మీరు ఏమీ చేయకపోయినా అవి తగ్గవచ్చు. ఎవరైనా మన జాబితాకెక్కేది వారి బతుకులో గడ్డు నెలలు నడుస్తున్నప్పుడే. ఆ నెలలు గడిచాక కొందరు కుదుటపడతారు, కొందరు వేరే చోటికి వెళ్లిపోతారు, కొందరు చనిపోతారు. కాల్స్ పడిపోతాయి, ఆ ఘనత మనం మన ఖాతాలో వేసుకుంటాం. నేనూ వేసుకున్నాను. మొదటి ఏడాది నివేదికలో గీత నిటారుగా దిగింది, అందరూ చప్పట్లు కొట్టారు.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని కామ్డెన్ పట్టణంలో జెఫ్రీ బ్రెన్నర్ అనే వైద్యుడు మొదలుపెట్టిన కార్యక్రమం ఈ రంగంలో అందరికీ ఆదర్శంగా ఉండేది. పదేపదే ఆసుపత్రి పాలయ్యేవారిని గుర్తించి, నర్సులు, సామాజిక కార్యకర్తలు ఇంటికే వెళ్లి వెంట ఉండే పద్ధతి అది. చివరికి 800 మందిని తీసుకుని, చీటీ వేసినట్టు రెండు భాగాలు చేసి పరీక్షించారు. 2020లో ఫలితం వెలువడింది. ఆరు నెలల్లో మళ్లీ ఆసుపత్రిలో చేరినవారు సేవ అందినవారిలో 62.3 శాతం, అందనివారిలో 61.7 శాతం. తేడా లేనట్టే. పైగా రెండు వర్గాల్లోనూ మునుపటికంటే చేరికలు బాగా తగ్గాయి.

ఇది చదివి నేను రెండు రోజులు ముఖం వేలాడేసుకున్నాను. దీన్ని చూపి ఈ పనంతా దండగ అనేవారు ఉన్నారు, నేను ఒప్పుకోను. ఇల్లు లేనివాడిని గృహవసతి కార్యాలయానికి తీసుకెళ్లగలం, అక్కడ ఖాళీ ఇల్లే లేకపోతే మన ఓపిక ఏం చేస్తుంది? కానీ ఒక జాగ్రత్త నేర్చుకున్నాను. ఇరవైమందినీ ఒకేసారి తీసుకోకుండా పదిమందితో మొదలుపెట్టి, వేచి ఉన్న మిగతా పదిమంది కాల్స్ కూడా పక్కనే రాసి ఉంచండి. ఎవరు ముందు, ఎవరు తరువాత అన్నది చీటీలు వేసి తేల్చండి. పదిమంది లెక్కతో ఏదీ రుజువు కాదు, అయినా మిమ్మల్ని మీరు మోసగించుకోకుండా ఉంటారు. మీ పై అధికారికి ఈ సంగతి ఇప్పుడే చెప్పండి. ఆరు నెలల తరువాత చెబితే సాకులా వినిపిస్తుంది.

ఇక మొదటి పని. నెలకు ఎన్ని కాల్స్ అన్నది జాబితా తయారు చేయడానికే పనికొస్తుంది. బ్రిటన్‌లో నెలకు ఐదు లేదా అంతకు మించి, లేకపోతే మూడు నెలల్లో పన్నెండు లేదా అంతకు మించి కాల్స్ చేస్తే తరచు ఫోను చేసేవారిగా లెక్కిస్తారు. మీరు ఏ హద్దు పెట్టుకున్నా ఫరవాలేదు. అసలు విషయం ఆ కాల్స్ ఏ రోజు, ఏ గంటకు వచ్చాయన్నదానిలో ఉంటుంది. ఒక్కొక్కరికి ఒక కాగితం తీసుకుని, ఏడాది కాల్స్‌ను రోజు, సమయం ప్రకారం చేతితో రాయండి. కంప్యూటర్ చేసిపెడుతుంది కదా అనకండి. చేతితో రాస్తున్నప్పుడే కంటికి తగులుతుంది.

నా జాబితాలో ఒక పెద్దావిడ ఉండేది. ఊపిరాడటం లేదని ఫోను. వెళ్లేసరికి ఆక్సిజన్ బాగానే ఉండేది, రికార్డులో ‘ఆందోళన’ అని రాసి వచ్చేవాళ్లం. కాగితం మీద పెట్టాక చూస్తే అన్నీ సాయంత్రం ఏడు, ఎనిమిది మధ్య. ఆదివారం ఒక్కటీ లేదు. యూనిఫాం లేకుండా, అంబులెన్సు లేకుండా ఒక సాయంత్రం ఆ వేళకే వెళ్లి కూర్చున్నాను. ఆవిడ ఇన్‌హేలర్ నొక్కి, మందు నాలుక మీద పడ్డాక తీరిగ్గా గాలి పీల్చుకునేది. ఆదివారాల్లో కూతురు వచ్చి దగ్గరుండి పట్టించేదట. డాక్టరుతో మాట్లాడి స్పేసర్ (మందు నోట్లోనే ఉండిపోకుండా ఊపిరితిత్తుల్లోకి వెళ్లేలా ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) ఇప్పించాం, వాడటం నేర్పాం. సగం కాల్స్ అక్కడే పోయాయి. మిగతా సగం చీకటి పడేవేళ ఒంటరితనం. దానికి స్పేసర్ లేదు. రోజూ ఆరున్నరకు నేనే ఫోను చేయడం మొదలుపెట్టాను, తరువాత ఒక స్వచ్ఛంద కార్యకర్త అందుకుంది. ఇంగ్లండ్‌లోని బ్లాక్‌పూల్‌లో ఒక మాజీ పారామెడిక్ ఇలాగే వారు ఫోను చేసేలోపు తానే చేసి, జబ్బు గురించి కాక బతుకు గురించి అడగడంతో మొదలుపెట్టింది. ఆ పద్ధతిని తరువాత అక్కడి ఆరోగ్య సేవ ఇతర ప్రాంతాలకూ విస్తరించింది.

ఇంకొకాయనకు షుగరు పడిపోయేది. ఎప్పుడూ నెలాఖరులోనే. ఇన్సులిన్ మోతాదు మారలేదు, తిండి మారింది, డబ్బు అయిపోయేది. ఇది ఆయన ఒక్కడి కథ కాదు. కాలిఫోర్నియా ఆసుపత్రుల లెక్కలు తీసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, పేదవారు షుగరు పడిపోయి ఆసుపత్రిలో చేరడం నెల మొదటి వారంకంటే చివరి వారంలో 27 శాతం ఎక్కువని తేలింది. మేము ఆయనకు నెలాఖరు భోజనం ఏర్పాటు చేశాం, తినని పూట మోతాదు ఎలా మార్చుకోవాలో డాక్టరు చేత రాయించాం. అంతే.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. కంట్రోల్ రూమ్ కంప్యూటర్‌లో ఇలాంటివారి చిరునామాకు ఒక సూచన జతచేస్తాం. ఒకాయన విషయంలో నేను రాసిన మాటలు: ‘తాగి కడుపునొప్పి అంటాడు, మాట్లాడితే సర్దుకుంటాడు’. ఒక రాత్రి వెళ్లిన సిబ్బంది నా సూచన చదివి, మాట్లాడి వచ్చేశారు. తెల్లవారేసరికి ఆయన రక్తం కక్కుకున్నాడు. బతికాడు, కానీ తప్పు ఆ కుర్రాళ్లది కాదు, నాది. అప్పటినుంచి సూచనలో మనిషి ఎలాంటివాడో రాయడం మానేశాను. మామూలుగా బీపీ ఎంత, నాడి ఎంత, ఏం కనిపిస్తే వెంటనే తీసుకెళ్లాలి, ఎవరికి ఫోను చేయాలి, ఇవే రాస్తాను. ప్రతిసారీ పూర్తిగా పరీక్షించాలన్న వాక్యం పైన ఉంటుంది. మూడు నెలలకోసారి తిరగరాయకపోతే ఆ సూచన దానంతటదే తొలగిపోయేలా పెట్టించుకోండి.

సమ్మతి పత్రం సంగతి న్యాయ సలహాదారుతో ముందే తేల్చుకోండి. ఆసుపత్రి, మానసిక వైద్య విభాగం, సంక్షేమ కార్యాలయం ఒక బల్ల దగ్గర కూర్చోకపోతే మీరు సగం గుడ్డిగా పనిచేస్తారు, ఆ మనిషి ఒప్పుకోకుండా కూర్చోబెడితే చట్టం ఊరుకోదు. ఎవరితో ఏం పంచుకుంటారో పేరుపేరునా చదివి వినిపించండి. ‘పోలీసులకు మాత్రం వద్దు’ అని కొందరు అంటారు. వద్దన్నది వద్దే.

ఒక వ్యక్తి చేతిలో పన్నెండుమందికి మించి పెట్టవద్దని నా సలహా. పద్దెనిమిదిమందిని చూసిన నెలల్లో నేను ఫోనులో పలకరింపులతో సరిపెట్టాను, ఇళ్లకు వెళ్లలేదు.

కొందరి కాల్స్ తగ్గవు, దానికీ సిద్ధపడండి. ఒకాయన నేను రాకముందు ఏడాదిలో 41 సార్లు ఫోను చేశాడు, నేను వచ్చాక 38. నా నివేదికలో ఆయన వరుస ఎప్పుడూ వెక్కిరిస్తున్నట్టే ఉండేది. అయితే ఆ 38లో ఎక్కువసార్లు సిబ్బంది ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లలేదు. పుండుకు కట్టు మార్చడానికి మరునాటి పొద్దున ఏ నర్సు వస్తుందో వారికి తెలుసు, ఆయనకూ తెలుసు. మీ నివేదికలో కాల్స్ గడి పక్కన, ఆసుపత్రికి తరలించినవి ఎన్ని అన్న గడి ఒకటి విడిగా పెట్టుకోండి.