లో-డి కొనండి, కానీ ముందు ఆ ఏపీకే తీసేయండి

ప్రశ్న: మా తమ్ముడు రెండు శ్రుతిలో (డి) పాడతాడు. పక్కన నేను మామూలు డి కీ మౌత్ ఆర్గాన్ వాయిస్తే కీచుగా వినిపిస్తోంది. ఒక స్థాయి కింద పలికే లో-డి కొనాలా, పిచ్ తగ్గించే యాప్ సరిపోతుందా? స్నేహితుడి లో-డిని శ్రుతి చూపించే ట్యూనర్ యాప్‌లో చూస్తే సగం స్వరాలు ఎరుపులో చూపించింది. ఆ యాప్ ‘ప్రో’ వెర్షన్ ఒక గ్రూప్‌లో ఏపీకేగా (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా వేసుకునే యాప్ ఫైల్) దొరికితే వేసుకున్నాను. యాక్సెసిబిలిటీ అనుమతి అడిగితే ఇచ్చాను.
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ముందు సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి ఆ యాప్‌కి ఇచ్చిన అనుమతి ఆఫ్ చేయండి. తర్వాత యాప్ తీసేయండి. తీయనివ్వకపోతే డివైస్ అడ్మిన్ యాప్‌ల జాబితాలో దాని పేరుందేమో చూసి అక్కడ టిక్ తీయండి. అప్పటికీ మొండికేస్తే ఫోన్‌ని సేఫ్ మోడ్‌లో (మనం వేసుకున్న యాప్‌లు పనిచేయని పద్ధతి) ఆన్ చేసి తీసేయండి. మౌత్ ఆర్గాన్ సంగతి ఆ తర్వాత.

ఎందుకింత తొందరంటే, చూపు సరిగా లేనివాళ్లు, చేతులు సరిగా ఆడనివాళ్లు ఫోన్ వాడుకోవడానికి పెట్టిన సౌకర్యం యాక్సెసిబిలిటీ. ఆ అనుమతి ఉన్న యాప్ తెర మీద ఉన్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. మెసేజ్‌లో వచ్చే ఓటీపీ దానికి కనిపిస్తుంది. ట్యూనర్‌కి ఇదంతా ఎందుకు? దానికి కావాల్సింది మైక్ ఒక్కటే, అదీ యాప్ తెరిచి ఉన్నంతసేపే. కాంటాక్టులు, లొకేషన్, ఎస్సెమ్మెస్ అడిగిందంటే శ్రుతి చూపించడం దాని అసలు పని కాదన్నమాట.

పెళ్లి శుభలేఖ అంటూ, ట్రాఫిక్ చలానా అంటూ, పీఎం కిసాన్ అంటూ ఇలాంటి ఏపీకేలు ఎన్నాళ్లుగానో తిరుగుతున్నాయి. ప్రతిసారీ ‘తెలియక వేసుకున్నాను’ అనే రాస్తారు. కానీ ఫోన్ హెచ్చరించకుండా ఉండదు. ఆండ్రాయిడ్ 13 నుంచి, బయటి ఫైల్‌తో వేసుకున్న యాప్‌కి యాక్సెసిబిలిటీ ఇవ్వబోతే ‘రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్’ అని అడ్డుపడుతుంది కూడా. దాన్ని దాటే దారి సాధారణంగా ఆ ఫైల్ పంపినవాళ్లే చూపిస్తారు. దొంగే పక్కన నిలబడి తాళం తీయించుకుంటున్నాడన్న అనుమానం అక్కడైనా రావాలి కదా!

బ్యాంక్ పాస్‌వర్డ్ వేరే ఫోన్ నుంచి మార్చండి. బ్యాంకుకి విషయం చెప్పండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే క్షణం ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఫొటోలు బ్యాకప్ తీసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేస్తేనే నాకు నమ్మకం.

తప్పంతా వాడేవాళ్లదే అనను. మైక్ ఇవ్వాలా వద్దా అని ఆండ్రాయిడ్ అడుగుతుంది, ఇంటర్నెట్ సంగతి మాత్రం అడగదు, యాప్ వేయగానే దానంతటదే ఇచ్చేస్తుంది. మైక్, నెట్ రెండూ చేతిలో ఉన్న యాప్ ఏం వింటోందో, ఎక్కడికి పంపుతోందో మామూలు మనిషికి తెలిసే దారి లేదు. నెట్ వద్దని చెప్పే మీట ప్రతి ఫోన్‌లోనూ ఉండాలి. అది వచ్చేదాకా నేను చెప్పేదొకటే: ట్యూనర్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో వాడండి. అందులో పనిచేయనంటే ఆ యాప్ మీకొద్దు. మైక్ అడిగినప్పుడు ‘ఈసారికి మాత్రమే’ అన్నది నొక్కండి.

ఇక మౌత్ ఆర్గాన్. పది రంధ్రాల దానిలో కింది స్థాయి పూర్తిగా ఉండదు. మొదటి మూడు రంధ్రాల్లో స, రి, గ, ప, ని దొరుకుతాయి. మధ్యమం, ధైవతం కావాలంటే 2, 3 రంధ్రాల్లో గాలి పీలుస్తూ స్వరాన్ని కిందికి వంచాలి. అది రావడానికి సమయం పడుతుంది కాబట్టి చాలామంది సంపూర్ణ స్థాయి ఉన్న 4వ రంధ్రం నుంచే పాట అందుకుంటారు. మీ డిలో 4వ రంధ్రం షడ్జమం సుమారు 587 హెర్ట్జ్. మీ తమ్ముడి షడ్జమం 147. అంటే ఆయన గొంతు కన్నా రెండు స్థాయిలు పైన వాయిస్తున్నారు. కీచుగా కాక ఎలా ఉంటుంది? లో-డిలో అదే 4వ రంధ్రం 294 దగ్గర పలుకుతుంది, గొంతుకి ఒక్క స్థాయే పైన.

కాబట్టి లో-డి సరైన ఎంపికే. అదే పాడేవారిది ఐదు శ్రుతి (జి) అయితే, చాలామంది ఆడవాళ్లలా, మామూలు జి చాలు. మామూలు కీల్లో అన్నిటికన్నా కింద ఉండేది అదే. బ్లూస్ పద్ధతిలో 2వ రంధ్రాన్ని పీలుస్తూ దాన్నే ఆధారంగా పెట్టుకునేవాళ్ల లెక్క వేరు. సి పాటకి వాళ్లు ఎఫ్ తీసుకుంటారు. అక్కడ లో-ఎఫ్ హాయిగా ఉంటుంది. లో-సికి, ఇంకా కిందివాటికి అప్పుడే వెళ్లొద్దు. కిందికి వెళ్లేకొద్దీ రీడ్ల (లోపల కంపించే సన్నని లోహపు నాలుకల) కొసన బరువు పెరుగుతుంది, పలకడం ఆలస్యమవుతుంది, ఊపిరి ఎక్కువ తాగుతుంది. గట్టిగా ఊదితే రీడ్ పైరేకుకి తగిలి టకటకమంటుంది. నెమ్మదిగా, గొంతు తెరిచి ఊదాలి.

పిచ్ తగ్గించే యాప్ మీ గదిలో పనికిరాదు. అసలు వాద్యం కీచుదనం పక్కనే వినిపిస్తూ ఉంటుంది. పైగా బ్లూటూత్ స్పీకర్ పెడితే శబ్దం ఎంత ఆలస్యంగా వస్తుందంటే తాళం తప్పుతుంది. రికార్డింగ్‌లో ఒక స్థాయి దించినా ఊపిరి శబ్దం కూడా దిగి బోలుగా మారుతుంది.

ఇక ఆ ఎరుపు. ఇదే ఫిర్యాదు వారం వారం వస్తోంది, చాలాసార్లు వాద్యం తప్పేమీ ఉండదు. ఊదినప్పుడు స్వరం కొంచెం దిగుతుంది కాబట్టి చాలా మౌత్ ఆర్గాన్లను మామూలు కొలత అయిన 440 హెర్ట్జ్‌కి (ఎ స్వరం) కాకుండా 442, 443కి శ్రుతి చేస్తారు. 442 అంటే దాదాపు 8 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో వందో వంతు) పైన. కొన్ని మోడళ్లలో కలిపి ఊదితే తీయగా ఉండాలని గాంధారాన్ని కావాలనే దించుతారు. యాప్ ముల్లుకి ఇవన్నీ తప్పులే. పైగా ఫోన్ మైకులు గొంతు పట్టుకోవడానికి చేసినవి, 147 లాంటి మంద్ర స్వరం వాటికి సరిగా అందదు. అప్పుడు యాప్ దాని పై స్థాయిని చూసి వేరే అంకె చూపిస్తుంది. సెట్టింగ్స్‌లో 442 పెట్టి, మెల్లగా ఊది మళ్లీ చూడండి. ఇంకా మంచిది, ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె పెట్టుకుని, ఫైన్ ట్యూనింగ్ మీటతో దాన్నే వాద్యానికి దగ్గరగా తెచ్చి, షడ్జమ పంచమాలు చెవితో సరిచూసుకోండి. స్వరం అలల్లా ఊగితే శ్రుతి తేడా ఉన్నట్టు, నిలకడగా కలిసిపోతే సరిపోయినట్టు.

కొనేటప్పుడు డబ్బా మీద డి పక్కన ‘లో’ అని ఉందో లేదో ముందే చూసుకోండి. నోటితో ఊదేది కాబట్టి సీలు తీశాక చాలా దుకాణాలు వెనక్కి తీసుకోవు.