నాలుగు చక్రాల కబుర్లు: పసుపు గుండు పైకి లేవనంటోంది

ప్రశ్న: మాస్టారూ, నాది 1973 నాటి సిరీస్ 3 ల్యాండ్ రోవర్. మొన్న బురదలో దిగబడితే పసుపు గుండు ఉన్న లీవర్ నొక్కి ఫోర్ వీల్ (నాలుగు చక్రాలకీ ఇంజను శక్తి) వేశాను. బయటపడ్డ సంతోషంలో ఆ సంగతే మరిచిపోయి, ఎండిన తారు రోడ్డు మీద 20 కిలోమీటర్లు అలాగే వచ్చేశాను. ఇప్పుడు హై, లో రేంజి మార్చే ఎర్ర లీవర్ కదలదు, పసుపు గుండు లేవదు, మలుపులో స్టీరింగ్ రాయిలా ఉంది. గేర్‌బాక్స్ విప్పించాల్సిందేనా?

జవాబు: ఆగండి, స్పానర్ కింద పెట్టండి. మీ బండి చెడిపోలేదు, మెలిపడింది.

మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాల కంటే పెద్ద చుట్టు తిరుగుతాయి. కుడి ఎడమల తేడా సర్దడానికి ముందొక డిఫరెన్షియల్, వెనకొక డిఫరెన్షియల్ ఉన్నాయి. ముందుకీ వెనక్కీ మధ్య తేడా సర్దేది మాత్రం ఈ బండిలో లేదు. ఫోర్ వీల్ వేయగానే రెండు షాఫ్టులూ ఒక్కటైపోతాయి. బురదలో అయితే ఏదో ఒక టైరు కాస్త జారి ఆ తేడాని వదిలించేస్తుంది. తారు మీద జారదుగా! తడి దుప్పటి చెరో కొసా పట్టుకుని ఇద్దరు పిండినట్టు, ఆ మెలి అంతా షాఫ్టుల్లో, గేర్ల పళ్ళ మధ్య పేరుకుంటుంది. మీ లీవర్‌ని పట్టుకున్నది ఆ మెలే.

బండిని నేరుగా వెనక్కి నాలుగైదు మీటర్లు పోనివ్వండి. చాలాసార్లు కిందనుంచి 'ఠప్' మని ఒక చప్పుడొస్తుంది, స్టీరింగ్ తేలికవుతుంది. అప్పుడు బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి, ఎర్ర లీవర్ని వెనక్కి లాగి లో రేంజిలో (తక్కువ వేగం, ఎక్కువ బలం) వేసి, మళ్ళీ ముందుకి తోయండి. పసుపు గుండు దానంతటదే లేస్తుంది. లేవకపోతే ఒక పక్క చక్రాలు వదులు మట్టిలోకి దించి కాస్త దూరం నడపండి. సుత్తితో లీవర్ని మాత్రం కొట్టొద్దు. (నవ్వకండి, కొట్టినవాళ్ళని చూశాను.)

దేనికీ లొంగకపోతే చివరి మార్గం, చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి ముందు చక్రం ఒకటి జాకీతో లేపడం. కుర్రతనంలో నేనిలాగే లేపుతూ, ఒక చేత్తో స్పానర్ని చక్రం నట్టుకే ఉంచాను. టైరు నేల వదిలిందో లేదో గిర్రున పావు చుట్టు తిరిగి స్పానర్ని అవతలికి విసిరికొట్టింది, బొటనవేలి గోరు ఊడింది. కాబట్టి జాకీ తిప్పే చెయ్యి తప్ప ఇంకేదీ ఆ దగ్గర ఉండకూడదు.

మాటలో మాట: ఈ బండికి చేతి బ్రేకు చక్రాలకి పట్టదు, ట్రాన్స్‌ఫర్ బాక్స్ (గేర్‌బాక్స్ శక్తిని ముందు వెనక షాఫ్టులకి పంచే పెట్టె) వెనక షాఫ్టుకి పడుతుంది. టూ వీల్‌లో ఉండగా వెనక చక్రం ఒకటి గాల్లోకి లేపితే, చేతి బ్రేకు వేసి ఉన్నా బండి దొర్లుతుంది. రాళ్ళు మరవకండి.

ఇంకొకటి చూడండి. ముందు అరిగిన టైర్లు, వెనక కొత్త టైర్లు ఉంటే, ఫోర్ వీల్‌లో తిన్నటి రోడ్డు మీద కూడా ఇదే మెలి పడుతుంది. నాలుగూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండాలి.

ప్రశ్న: అల్యూమినియం బాడీ కాబట్టి తుప్పు భయమే లేదని పాత ల్యాండ్ రోవర్ అమ్మేవాళ్ళు చెబుతున్నారు. బండి అద్దంలా మెరుస్తోంది. నమ్మొచ్చా?

జవాబు: బాడీ వరకు నిజమేనమ్మా. 1948లో ఆ బండి వచ్చేనాటికి బ్రిటన్‌లో ఉక్కుకి కటకట. అందుకే పై రేకులకి అల్యూమినియం మిశ్రమం వాడారు. బాడీని మోసే ఛాసిస్ మాత్రం ఉక్కే. ఇంజనుకీ మీ కాళ్ళకీ మధ్య నిలబడే గోడ కూడా ఉక్కే. పైగా ఉక్కూ అల్యూమినియం ఆనుకున్న చోట ఉప్పు తడి తగిలితే అల్యూమినియమే తెల్లటి పిండిలా రాలుతుంది.

నేను మొదటి బండి పొద్దుగూకే వేళ కొన్నాను. మర్నాడు నీళ్ళ పైపు పెట్టి కింద కడుగుతుంటే మట్టి ఊడింది, మట్టితో పాటు ఛాసిస్ ముక్కా ఊడింది. అప్పటినుంచీ రంగు చూడను. పాత గోనె ఒకటి పరుచుకుని కింద పడుకుంటాను, చిన్న సుత్తితో తడుతూ పోతాను. గట్టి ఉక్కు 'ఠంగ్' మంటుంది. లోపల తినేసిన చోట 'డబ్' మని మొద్దుగా పలుకుతుంది. అన్నిటికంటే వెనక అడ్డ దూలం, కమాను కట్టలు వేలాడే కొక్కేలు, బాడీని మోసే పక్క చేతులు తట్టి చూడండి. కింద కొత్తగా, దట్టంగా నల్ల రంగు పూసి ఉంటే ఇంకాస్త గట్టిగా తట్టండి. ఇంజను చల్లగా ఉండగా వస్తానని ముందే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి వేసి చూడండి. వెచ్చగా ఉంటే, చల్లని ఇంజను స్టార్టు కావడానికి పడే పాట్లు మీకు కనపడకూడదనుకున్నారన్నమాట.

ప్రశ్న: జీపు స్టీరింగ్ పట్టుకునేటప్పుడు బొటనవేలు లోపలికి పెట్టొద్దని మా తాతగారు తిడుతుంటారు. చాదస్తమా?

జవాబు: కాదు, అనుభవం. చక్రం రాయికి తగిలితే ఆ దెబ్బ నేరుగా స్టీరింగుకే వస్తుంది. స్టీరింగ్ లోపలి పుల్ల గిర్రున తిరిగి వేలు విరుస్తుంది. వేలు పైనే ఉంచండి.

ప్రశ్న: 1944 విల్లీస్ జీపు, 6 వోల్టుల బ్యాటరీ. సెల్ఫ్ కొడితే మూలుగుతుంది. 12కి మార్చేయమంటున్నారు.

జవాబు: మార్చే ముందు బ్యాటరీ కేబుళ్ళ లావు చూడండి. అదే శక్తికి 6 వోల్టుల్లో కరెంటు రెట్టింపు పారాలి. ఎవరో ఒకరు 12 వోల్టుల బండికి వాడే సన్న తీగ వేసి ఉంటే ఆ జీపు మూలగక ఏం చేస్తుంది? లావు కేబుళ్ళు వేసి, ఛాసిస్‌కి ఎర్తు తగిలే చోట రంగూ తుప్పూ గీకి మెరిసేలా చేసి బిగించండి. అప్పటికీ మూలిగితే మళ్ళీ రాయండి, సెల్ఫ్ మోటారు బ్రష్షుల సంగతి చూద్దాం.