గూట్లో పెట్టిన మట్టి చేపకు పెచ్చులెందుకు ఊడాయి?

ప్రశ్న: అక్కా, మాది విడవలూరు మండలం. చెరువు మట్టితో బెత్తెడు చేప ఆకారంలో లూర్ (గాలానికి కట్టే ఉత్తుత్తి ఎర) చేసి, మా ఊరి కుమ్మరి ఆవంలో కాల్పించి, పైన వెండి రంగు ఎనామిల్ వేశాను. మైపాడు దగ్గర రెండు ఆదివారాలు వాడాను, ఒక పండుగప్ప కూడా పడింది. ఇంటికొచ్చి గూట్లో పెట్టాను. పది రోజుల తర్వాత చూస్తే రంగు బుడగల్లా లేచి ఉంది, కింద తెల్లటి నూగు. వేలు పెడితే పెచ్చు ఊడింది. సముద్రంలో ఏమీ కానిది గూట్లో ఎందుకు పాడైంది? లూర్‌ని పోస్టులో పంపుతున్నాను.

జవాబు: తమ్ముడూ, నీ చేప చేతికందగానే నాలుక చివర తాకించి చూశాను. ఉప్పగా తగిలి, అతుక్కుంది. కుమ్మరింట పుట్టినవాళ్లకు ఇది చిన్నప్పటి అలవాటు. కాలిన మట్టి నాలుకను పట్టుకుంటే, అది ఇంకా నీళ్లు తాగుతుందని అర్థం.

ఎంత తాగుతుందో తెలియాలని నాలుగు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టి, బాగా ఎండబెట్టి తూచాను. పొడిగా 46 గ్రాములుంది. రాత్రంతా నీళ్లలో ఉంచి, తడి గుడ్డతో తుడిచి తూస్తే 53. అంటే 7 గ్రాముల నీళ్లు, దాని బరువులో 15 శాతం. లీటరు సముద్రపు నీళ్లలో 30 నుంచి 35 గ్రాముల దాకా ఉప్పుంటుంది. ఆ లెక్కన నానిన ప్రతిసారీ నీ చేప కడుపులోకి పావు గ్రాము ఉప్పు చేరుతోంది. నీళ్లు ఆరిపోతాయి గానీ ఉప్పు ఎక్కడికి పోతుంది? ఆ సన్నటి రంధ్రాల్లోనే పలుకు కట్టి, పెరుగుతూ, పక్కనున్న మట్టిని నెడుతుంది. సముద్రంలో ఉన్నంతసేపూ కరిగి ఉంటుంది కాబట్టి ఏమీ చేయదు. ఆరాకే దాని పని మొదలవుతుంది, అందుకే గూట్లో పాడైంది. సముద్రం పక్క ఊళ్లలో గోడల అడుగున సున్నం ఉబ్బి రాలడం చూసే ఉంటావు, అదీ ఇదీ ఒకటే జబ్బు. ఎనామిల్ కాపాడలేదు, ఎందుకంటే గాలం తగిలించే తీగ దూర్చిన రంధ్రంలో నువ్వు రంగు వేయలేదు. నీళ్లు అటునుంచి దూరాయి. ఆరేటప్పుడు ఉప్పంతా రంగు వెనక చేరి దాన్ని పైకి లేపింది.

మా నాన్న కొత్తపట్నం పల్లెకారుల వలలకు బరువు కోసం కట్టే మట్టి గుళ్లు చేసిచ్చేవాడు. అవీ ఇలాగే పొడి రాలేవి. ఏడాదికోసారి కొత్తవి చేసిచ్చేవాడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. రోజుల తరబడి చెక్కి, మొప్పలు దిద్ది, కళ్లు పెట్టిన లూర్ అలా పోతే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. నీ బాధ నాకు తెలుసు.

మీ కుమ్మరి తప్పేమీ లేదు. ఊరి ఆవంలో వేడి మామూలుగా 700 నుంచి 900 డిగ్రీలు. ఆ వేడికి మట్టి గట్టిపడుతుంది గానీ రంధ్రాలు మూసుకోవు. కుండలో నీళ్లు చల్లబడేది ఆ రంధ్రాల వల్లే కదా. పోనీ, ఇదే మట్టిని ఇంకా కాలుద్దామా అంటే కుదరదు. మన ఎర్రమట్టిలో ఇనుము ఎక్కువ. ఒకసారి కరెంటు కొలిమిలో 1200 డిగ్రీలకు పెట్టి చూశాను. బొబ్బలెక్కి, ముదురు బెల్లప్పాకంలా పలకకు అంటుకుపోయింది. ఆ పలకను ఉలితో చెక్కాల్సి వచ్చింది.

సముద్రానికి స్టోన్‌వేర్ మట్టే కావాలి. అందులో ఫెల్డ్‌స్పార్ ఉంటుంది, మన సైదాపురం, గూడూరు వైపు మైకా గనుల్లో పలుగురాయితో పాటు దొరికే రాయే. 1200 దాటాక అది కరిగి రంధ్రాలను నింపేస్తుంది. నేను చేసిన 50 గ్రాముల లూర్ రాత్రంతా నానినా 50.5కి మించదు. గోటితో కొడితే కంగుమంటుంది. నీది టక్‌మంటోంది.

కరెంటు కొలిమి అందుబాటులో లేకపోతే ఆవంలో కాల్చినదే వాడుకో. కాకపోతే వేట అయ్యాక ఆరనివ్వకుండా నేరుగా మంచినీళ్ల బకెట్‌లో వెయ్యి. మూడు నాలుగు రోజులు నీళ్లు మార్చి, ఆ తర్వాతే ఎండబెట్టు. కొత్తది చేసినప్పుడు గోరువెచ్చగా ఉండగానే పల్చటి ఎపాక్సీ జిగురు పట్టించు, రంధ్రం లోపల కూడా. ఆ తర్వాతే రంగు.

ప్రశ్న: నేను ఒంగోలులో స్టోన్‌వేర్ మట్టితోనే చేస్తున్నాను. గాలాలు తగిలించడానికి స్టీలు తీగను పచ్చి మట్టిలోనే పెట్టి కాలిస్తే చేప నిలువునా చీలుతోంది. వానాకాలంలో చేసినవి రెండు కొలిమిలో పేలిపోయాయి కూడా.

జవాబు: మట్టి ఆరేటప్పుడూ కాలేటప్పుడూ కుంచించుకుపోతుంది, తీగ కుంచించుకోదు. మధ్యలో అది అడ్డుపడితే చీలక తప్పదు. తీగకు బదులు రంధ్రం చేయండి. మట్టి తోలులా ఆరిన దశలో సైకిల్ చువ్వతో తల నుంచి తోక దాకా తిప్పుతూ పోనివ్వండి. మీ మట్టి 12 శాతం తగ్గుతుందనుకుంటే, కాలాక 8 సెంటీమీటర్ల చేప రావాలంటే పచ్చిగా 9.1 ఉండాలి, 2 మిల్లీమీటర్ల రంధ్రానికి 2.3 పెట్టాలి. తీగ కాల్చాక దూర్చండి. 316 రకం స్టెయిన్‌లెస్ తీసుకోండి, 304 కన్నా ఉప్పుకు బాగా తట్టుకుంటుంది. చేప లాగే లాగుడంతా ఆ తీగ మీదే పడాలి, మట్టి మీద పడకూడదు. రెండు కొసల్లో తీగను ఉంగరంలా తిప్పే చోట చిన్న రబ్బరు ముక్క పెడితే అంచు పగలదు.

పేలినవి లోపల తడి ఆరనివి. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఆ నెలల్లో పైన ఎండినట్టు కనిపించినా లోపల చెమ్మ ఉంటుంది. వంద డిగ్రీలకు అది ఆవిరై దారిలేక బద్దలు కొడుతుంది. చెంపకు ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు. ఇంకొక్క మాట, ఎండిన మట్టిని పొడిగా గరుకు కాగితంతో రుద్దొద్దు. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి తేలేం. తడి స్పాంజితోనే నున్నగా చేయండి.

ప్రశ్న: సీసం లూర్‌కు బదులు అంతే బరువున్న పింగాణీది వాడొచ్చా? (కందుకూరు నుంచి ఒక మాస్టారు)

జవాబు: వాడొచ్చు మాస్టారూ, కానీ నీళ్లలో రెండూ ఒకేలా ఉండవు. 40 గ్రాముల సీసం సముద్రంలో 36 గ్రాముల బరువు తూగుతుంది. అంతే బరువున్న పింగాణీ పెద్దదిగా ఉంటుంది కాబట్టి 22 దాకానే తూగుతుంది. మెల్లగా, పొట్ట వైపు కాస్త బరువు పెడితే ఊగుతూ దిగుతుంది. ఉప్పుటేరులో పండుగప్పకు ఆ ఊగుడు నచ్చుతుందని నా అనుభవం. గాలి బాగా ఉన్న రోజు మాత్రం సీసమంత దూరం పోదు. ఇసుక తీరంలోనే విసరండి, రాళ్ల గట్టు మీద వద్దు. ఒకవేళ పగిలితే ముక్కలన్నీ ఏరి ఇంటికి తీసుకుపోండి. తెల్లారి అలివి వల లాగేవాళ్లు ఉత్త కాళ్లతోనే నడుస్తారు.