కంట్రోలరు మెమరీతో సంభాషిస్తుందా?

సందేహం: కంప్యూటర్ లోపలి భాగాల గురించి ఒక వ్యాసం రాస్తున్నాను. అందులో 'నియంత్రకుడు అర్థవాహక జ్ఞాపక పరికరాలతో సంభాషణను నిర్వహిస్తాడు' అని రాశాను. చదివిన మిత్రులు ఇది తెలుగులా లేదన్నారు. తప్పెక్కడుంది? అలాగే 'రిఫ్రెష్'ను తెలుగులో ఏమనాలి?

సమాధానం: మీ మిత్రులు సరిగానే పట్టుకున్నారు. చిన్న తప్పులు రెండున్నాయి, ముందు వాటిని దిద్దుదాం. 'నియంత్రకుడు' అనగానే మనిషి అయిపోతాడు. ఇక్కడున్నది విడి చిప్పో, ప్రాసెసర్‌లోనే ఒక భాగమో. కాబట్టి 'నియంత్రకం', 'నిర్వహిస్తుంది' అనాలి. నేనైతే హాయిగా 'కంట్రోలరు' అని రాస్తాను. రెండోది 'అర్థవాహక'లోని వత్తు. సెమీకండక్టరు రాగిలా కరెంటును ధారాళంగా పోనివ్వదు, గాజులా పూర్తిగా ఆపదు కనుక అది సగం వాహకం. సగానికి 'ధ' వత్తు: అర్ధవాహకం. 'థ' వత్తు పెడితే అర్థాన్ని మోసేది అవుతుంది. ఈ పొరపాటు చాలామంది చేస్తారు, టెన్షన్ పడకండి.

'జ్ఞాపకం' కూడా నాకు నచ్చలేదు. జ్ఞాపకం మనసుకు సంబంధించిన మాట. అది వస్తుంది, పోతుంది, ఒక్కోసారి వేధిస్తుంది. చిప్పులో దాచినది దానంతట అది గుర్తుకు రాదు. 'మెమరీ' అనండి, అది ఎప్పుడో మన మాట అయిపోయింది.

అసలు చిక్కు 'సంభాషణ' దగ్గరుంది. సంభాషణ అంటే ఇద్దరు కలిసి మాట్లాడుకోవడం. ఒకరు అంటారు, ఇంకొకరు బదులిస్తారు, కావాలంటే రెండోవారే మొదలుపెడతారు. కంట్రోలరుకూ డీర్యామ్ (కంప్యూటరు నడుస్తున్నంతసేపూ వాడుకునే ప్రధాన మెమరీ) చిప్పుకూ మధ్య జరిగేది అలాంటిది కాదు. ఫలానా అడ్డు వరుస తెరువు, అందులో ఫలానా నిలువు వరుస దగ్గర చదువు, ఇక ముయ్యి అని కంట్రోలరు వరసగా ఆదేశాలిస్తుంది. చదవమన్నాక చిప్పు 'సరే' అని కూడా అనదు. ముందే కుదిరిన లెక్క ప్రకారం ఇన్ని క్లాక్ సైకిళ్లకు, అంటే చిప్పు గడియారపు ఇన్ని టిక్కులకు, డేటాను తీగల మీద పెట్టేస్తుంది. డీడీఆర్4-3200 అనే డీర్యామ్ రకంలో ఈ లెక్క సాధారణంగా 22, అంటే 13.75 నానోసెకన్లు. సరిగ్గా ఆ క్షణానికి కంట్రోలరు అందుకోవడానికి సిద్ధంగా ఉండాలి. ఆదేశాల్లో తప్పు దొర్లితే చిప్పు తెలిపేందుకు డీడీఆర్4లో ఒక ప్రత్యేక తీగ ఉంది కానీ, ఒక్క హెచ్చరికతో అది సంభాషణ అయిపోదు.

మీరు 'పరికరాలతో' అని 'తో' వాడినందుకు ఎవరైనా తప్పుపడితే ఒప్పుకోకండి. 'అతనితో నిట్లనియె' అని పాత కావ్యాల్లో ఎన్నిసార్లు చదవలేదు? ఒక్కరే మాట్లాడినా 'తో' చెల్లుతుంది. కానీ ఆదేశించేటప్పుడు 'కి' మరింత సూటిగా ఉంటుంది. 'చిప్పుకు చెబుతుంది' అన్నప్పుడు ఎవరు చెప్పేవారో, ఎవరు వినేవారో ఇట్టే తెలిసిపోతుంది. ఫ్లాష్ మెమరీ సంగతికి వస్తే 'అడుగుతుంది' కూడా బాగా నప్పుతుంది. పెన్‌డ్రైవుల్లాంటివాటిలో ఉండే నాండ్ ఫ్లాష్‌లో రాయడానికీ చెరపడానికీ పట్టే సమయం ఎప్పుడూ ఒకేలా ఉండదు. అందుకని 'పని అయిందా?' అని కంట్రోలరు అడగవచ్చు, చిప్పు తన స్థితి చెబుతుంది. పనిలో ఉన్నానో ఖాళీగా ఉన్నానో తెలిపే తీగ కూడా ఒకటుంటుంది. ప్రాణం లేనివాటికి చెప్పడం, అడగడం ఏమిటని సందేహించనక్కర్లేదు. బండి మొరాయించింది అనే భాష మనది.

ఇక 'సంభాషణను నిర్వహించడం'. ఇందులో క్రియ నీరసంగా ఉంది, పని ఏమిటో కనిపించదు. ఇలాంటి చోట తెలుగువాళ్లు 'చూసుకోవడం' అంటారు. పెళ్లి పనులు చూసుకున్నట్టే మెమరీ పనులూ చూసుకోవచ్చు. డేటా వెళ్లడానికీ రావడానికీ 'రాకపోకలు' అనే చక్కని మాట ఉండనే ఉంది. మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: 'మెమరీ చిప్పులకు ఆదేశాలివ్వడం, డేటా రాకపోకలు చూసుకోవడం కంట్రోలరు పని.'

'రిఫ్రెష్'కు కొందరు 'పునరుద్ధరణ' అని రాస్తున్నారు. నాకు అది సమ్మతం కాదు. ఆగిపోయిన కరెంటును పునరుద్ధరిస్తాం, పాడుబడిన గుడిని పునరుద్ధరిస్తాం. ముందు చెడింది, తర్వాత బాగైంది అనే అర్థం ఆ మాటలోనే ఉంది. డీర్యామ్‌లో ఒక్కో బిట్టు (0 లేదా 1) ఒక చిన్న కెపాసిటర్‌లో ఛార్జిగా ఉంటుంది. చిల్లికుండలో నీళ్లలా ఆ ఛార్జి మెల్లగా కారిపోతూ ఉంటుంది. పూర్తిగా పోయాక అక్కడ ఏముండేదో చెప్పే ఆధారం చిప్పులో మిగలదు, ఇక పునరుద్ధరించేదేముంది? అందుకే పోకముందే నింపాలి. మామూలు వేడిలో 64 మిల్లీసెకన్లలోగా అన్ని వరుసలనూ ఒకసారి నింపాలని డీడీఆర్4 నియమం. దాన్ని 8,192 ఆదేశాలకు పంచుతారు కనుక సగటున 7.8 మైక్రోసెకన్లకు ఒకసారి కంట్రోలరు ఆ ఆదేశం ఇస్తూనే ఉండాలి. మీ వ్యాసంలో మొదటిసారి వచ్చినచోట 'కారిపోతున్న ఛార్జిని మళ్లీ నింపడం' అని విప్పి చెప్పండి, ఆ తర్వాత 'రిఫ్రెష్' అనే రాసుకోండి.