మూడేళ్ళు రెండు ఆరాధనలు నడిపి మళ్ళీ ఒకటి చేసుకున్నాం

వందనాలండీ. పెద్దవాళ్ళకి పొద్దున్నే కీర్తనలతో ఒక ఆరాధన, యూత్‌కి తర్వాత కొత్త పాటలతో ఇంకో ఆరాధన పెడదామని మీ సంఘంలో అనుకుంటున్నారనీ, అలా చేస్తే గొడవలు తగ్గుతాయా అనీ అడిగారు. తగ్గుతాయండీ. మా దగ్గర నెల తిరక్కుండానే తగ్గాయి. అయినా చెయ్యొద్దనే చెప్తాను. మేం మూడేళ్ళు అలా నడిపి చూశాం.

మాది గుంటూరు దగ్గర పల్లె, లూథరన్ సంఘం. నేను సండే స్కూల్లో పాఠాలు చెప్తాను. ఏడింటికి హార్మోనియంతో మొదటి ఆరాధన, తొమ్మిదిన్నరకి కీబోర్డు, డ్రమ్స్, తెర మీద పాటలతో రెండోది. ఎవరికీ ఎవరిమీదా ఫిర్యాదు లేదు. కాకపోతే అంతకుముందు ఆదివారం మధ్యాహ్నం అన్నాల దగ్గర అయ్యగారు (మా పాస్టరు గారు) చెప్పిన వాక్యం గురించి ఏదో ఒక మాట వచ్చేది. మా అత్తగారు విన్నది ఒకటి, పిల్లలు విన్నది ఇంకొకటి అయ్యాక ఆ మాట రావడం మానేసింది. అప్పట్లో నేనూ పెద్దగా పట్టించుకోలేదు.

ఒక భూస్థాపన రోజు తెలిసొచ్చింది. మా సంఘ పెద్ద ఒకాయన ప్రభువునందు నిద్రించారు. సమాధుల తోటలో పెట్టె దించుతుంటే ఆయనకి ఇష్టమైన కీర్తన ఎత్తుకున్నారు. పల్లవి అందరూ అందుకున్నారు. చరణం దగ్గరికి వచ్చేసరికి నలుగురు ముసలమ్మల గొంతులే మిగిలాయి. యూత్ పిల్లలు పాతికమంది ఉన్నారు, సెల్‌ఫోన్లలో పాట వెతుక్కుంటున్నారు, అక్కడ సిగ్నల్ లేదు. ఆయన మనవడు తాడు పట్టుకుని నిలబడ్డాడు, పెదవులు కదులుతున్నాయి గానీ మాట లేదు. రెండో చరణంలో ఒకావిడకి దగ్గొచ్చి ఆగిపోయారు. ఇక మట్టి పడే చప్పుడే. తాత దగ్గర పెరిగిన పిల్లాడు, తాతని సాగనంపే పాట రాక అలా నిలబడిపోయాడు. ఆ నేరం వాడిది కాదు, మా అందరిదీ.

ఆ వారమే కీబోర్డు వాయించే అబ్బాయి వచ్చి, "టీచరమ్మా, ఆ పాట నాకు నేర్పించండి" అన్నాడు. నాకూ పూర్తిగా రాదు. ఎనభై దాటిన మామ్మగారొకరి ఇంటికి తీసుకెళ్ళాను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటల నెత్తిన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి కదా, వాటి సంగతి మా పిల్లలకి ఆ శనివారమే తెలిసింది. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890), ఆ తర్వాతి కవులు మన సంగీతం పద్ధతిలో పల్లవి, చరణాలుగా కట్టిన పాటలవి. అబ్బాయి కీబోర్డులో రిదమ్ పెట్టి మొదలెట్టాడు. మామ్మగారు రెండుసార్లు తప్పారు. "అది ఆపు నాయనా, అది నాకోసం ఆగట్లేదు" అన్నారు. తర్వాత మంచం పట్టె మీద అరచేత్తో తాళం వేసుకుంటూ, చరణం చివర ఊపిరి తీసుకునేంత సేపు ఆగి, మెల్లగా పల్లవిలోకి వచ్చారు. వాడు ఆవిడ గొంతుకి అందేదాకా శ్రుతి దించుకుంటూ వెళ్ళాడు. చివరికి ఎక్కడో దొరికింది, ఇద్దరూ కలిశారు.

ఆ శ్రుతి విషయం మీరు తప్పకుండా చూసుకోండి. కొత్త పాటల్ని మనవాళ్ళు రికార్డింగులో ఎంత పైన ఉంటే అంత పైనే వాయిస్తారు. అరవై దాటినవాళ్ళ గొంతు అక్కడికి లేవదు. వాళ్ళు నోరు మూసుకుని కూర్చుంటే కొత్త పాటలు గిట్టవని అనుకుంటాం. మా దగ్గర శ్రుతి దించి, తెర మీద అక్షరాలు పెద్దవి చేశాక మా అత్తగారే రెండు కొత్త పాటలు నేర్చుకున్నారు. వంట చేస్తూ పాడతారు.

రెండు ఆరాధనల్నీ ఒక్కరోజులో కలపలేదు. గుడ్ ఫ్రైడేతో మొదలుపెట్టాం, ఎందుకంటే ఆ మూడు గంటల ఆరాధన ఎటూ అందరికీ ఒకటే. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలు ఎప్పుడూ పెద్దలూ బోధకులే పంచుకునేవాళ్ళు. ఆ ఏడాది ఒక్కో మాటకి ఇద్దరిని, ఒక పెద్దవాళ్ళనీ ఒక చిన్నవాళ్ళనీ పెట్టాం. మూడో మాట, "అమ్మా, యిదిగో నీ కుమారుడు", కొడుకుని పోగొట్టుకున్న ఒక తల్లికీ, పదో తరగతి కుర్రాడికీ వచ్చింది. వాడు వాక్యం చదివాడు. ఆవిడ నాలుగు మాటలు చెప్పి, ఇంక చెప్పలేక వాడి భుజం పట్టుకున్నారు. గుడిలో చంటిపిల్లలు కూడా కదల్లేదు.

పిల్లల సంగతి కూడా అడిగారు. ఆరాధన మొదట్లో అందరితోపాటు కూర్చుంటారు, ప్రసంగం వేళ సండే స్కూలుకి వెళ్తారు. సంస్కారం, అంటే ప్రభు భోజనం రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ఆదివారం మాత్రం ఎక్కడికీ పంపం. కన్ఫర్మేషన్ (సంఘం ముందు విశ్వాసం ఒప్పుకోవడం) కాని పిల్లలు అమ్మానాన్నల పక్కన మోకాళ్ళూనితే అయ్యగారు తలమీద చెయ్యి పెట్టి దీవిస్తారు. అల్లరి ఉంటుంది, ఉండనివ్వండి. పౌలు తిమోతికి రాస్తూ అతని విశ్వాసం మొదట అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉందని పేర్లు పెట్టి మరీ చెప్పాడు. అవ్వ పక్కన కూర్చోకుండా అది ఎలా అబ్బుతుంది? 1529లో లూథర్ విశ్వాస పాఠాల్ని ప్రశ్నలూ జవాబులుగా చిన్న ప్రశ్నోత్తరి రాసినప్పుడు కూడా ఇంటి పెద్ద తన ఇంటివాళ్ళకి నేర్పేలాగే రాశాడు.

ఖర్చూ ఉంది, దాచను. రెండూ కలిసి ఒక్క ఆరాధన అయ్యాక సమయం రెండున్నర గంటలు దాటింది, కొందరు విసుక్కున్నారు. నాలుగు కుటుంబాలు పట్నంలో వేరే సంఘానికి వెళ్ళాయి, వాళ్ళలో ఒకరు నాకు బాగా దగ్గరివాళ్ళు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

డ్రమ్స్ సంగతి మాకింకా తేలలేదు. సంస్కారం వేళ వద్దని పెద్దలు, పండగల్లోనైనా ఉండాలని పిల్లలు. పోయిన నెల కమిటీలో మళ్ళీ వచ్చింది. ఈసారి మామ్మగారే లేచి, ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో వాయించుకోనివ్వండి, అక్కడున్నవాళ్ళు ఎవరూ ఏమీ అనుకోరు అన్నారు. వచ్చే ఈస్టర్‌కి అలా చేసి చూస్తాం.